ఇరవై మూడు తాళాల తాయమ్మ

జనవరి మూడో వారానికి ఊళ్ళో కింది గేరి, అంటే కింది వీధి, ఖాళీ అవుతుంది. పత్తి ఏరేసి, కంది కొట్టేసి, ఇక ఆ నేలలో చేయడానికి పనేమీ మిగలదు గనక, జనం గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని సుగ్గికి పోవడం అంటారు. గిన్నెలు, దుప్పట్లు, జొన్నపిండి మూట, చంటిబిడ్డ, ఆ బిడ్డకు ఉయ్యాల కట్టే చీర, అన్నీ ఒకే బొలెరోలో ఎక్కుతాయి. మళ్ళీ ఉగాదికి దిగుతాయి. మధ్యలో ఇరవై మూడు ఇళ్ళకు తాళాలు పడతాయి. తాళంచెవులు మాత్రం ఒక్క మనిషి దగ్గరే ఉంటాయి.

పద్దెనిమిదేళ్ళు ఆ మనిషి నరసన్న. ఒక సుగ్గిలో బండి మీదినుంచి పడి తుంటి విరగ్గొట్టుకుని వచ్చాక, కోతకు పనికిరానివాడు కాపలాకైనా పనికొస్తాడని గేరివాళ్ళే ఆ పని అప్పజెప్పారు. నరసన్న దాన్ని కలెక్టరు ఉద్యోగంలా చేశాడు. ప్రతి గడప ముందరా సన్నగా బూడిద చల్లేవాడు, అడుగు పడితే తెలియాలని. రోజుకో ఇంటి వాకిలి ఊడ్చి ముగ్గు వేయించేవాడు, లోపల మనుషులున్నట్టు కనబడాలని. ముగ్గు వేసేది భార్య తాయమ్మ, బాగాలేదనేది నరసన్న. మోకాళ్ళు అరిగి తాయమ్మ కూడా సుగ్గికి పోవడం మానేసిన చివరి నాలుగేళ్ళలో ఆ ఇద్దరూ పోట్లాడుకున్నంతగా అంతకుముందు ముప్ఫై ఏళ్ళలో పోట్లాడుకోలేదు. ఖాళీ గేరిలో ఇంకెవరున్నారు పోట్లాడటానికి?

పోయిన శ్రావణమాసంలో నరసన్న నిద్రలోనే పోయాడు.

కర్మకాండలయ్యాక కూతురు భారతి తల్లిని ఆదోని తీసుకుపోయింది. మూడో అంతస్తు, రెండు గదులు. తాయమ్మ అక్కడ నాలుగు నెలలు కూర్చుంది. తలుపు లాగితే దానంతటదే తాళం పడిపోయేది. కాపలాకు ఆ ఇంట్లో ఆమె అవసరమే లేదు. సుగ్గి దగ్గర పడుతుండగా ఒక పొద్దున సంచి సర్దుకుని ఊరికి బస్సెక్కింది.

"నువ్వు ఒగదానివే ఎట్ల కాస్తావక్కా?" అన్నాడు జయరాం. ఎదురింటాయన, గేరిలో కొంచెం మాట చెల్లేవాడు. "ఆడమనిషివి. భారతి ఇంట్లో సల్లగా కూసోరాదా?"

"సల్లగా కూసునేకి నేనేమన్న పెరుగు ముంతనా?" అంది తాయమ్మ. "ఆ మనిషి తుంటి ఇరిగి కాసినాడు. నాకు మోకాళ్ళే కద అరిగిండేది."

గేరివాళ్ళు ఒక మాట అనుకున్నారు. ఈ ఒక్క సుగ్గికి తాళాలు తాయమ్మ దగ్గర ఉంటాయి. ఏ తేడా వచ్చినా ఉగాది రోజున తీసుకుని పైగేరిలో ఎవరికైనా ఇచ్చేస్తారు. అదే జరిగితే తనకు మిగిలేది ఆదోనిలో మూడో అంతస్తేనని తాయమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

బొలెరో ఎక్కే ముందు జయరాం తన తాళంచెవిని రెండు చేతులతో ఇచ్చాడు. ఇంట్లో కొత్త మోటారుసైకిలుంది. దానికి పాత దుప్పటి కప్పి, దుప్పటి మీద గోనెపట్టా కప్పి, పట్టా మీద పసుపు కుంకుమ కూడా పెట్టాడు. "అక్కా, బండిని ఎవురూ తాకగూడదు. నేను అడిగినా ఇయ్యొద్దు," అన్నాడు.

"నువ్వే అడిగితే యేంటికి ఇయ్యను?"

"ఏమో అక్కా. నాకు నామీదే నమ్మకంల్యా."

ఆదోనిలో డిగ్రీ చదివే మనవరాలు మౌనిక తన పాత ఫోను అవ్వకు ఇచ్చి పోయింది. "అవ్వా, పాటలు పెట్టల్లనా, కతలు పెట్టల్లనా?" అని అడిగితే తాయమ్మ, "ఏదో ఒగటి పెట్టు. ఇంట్లో మొగగొంతు ఇనపడితే సాలు," అంది. మౌనిక తను వింటున్న కథే ఎక్కించింది. అది తొంభై భాగాల కథ, చదివేది మగవాడే, మంచి బొంగురు గొంతు. అందులో ఒక కొండమీది ఊరు. కాఫీ తోటలు, పొగమంచు. వింత జ్వరమొచ్చి ఊరు ఊరంతా రక్తపిశాచులైపోతే, ఒక్క పోస్టుమాస్టరు మిగులుతాడు. పోస్టాఫీసులో తలుపులేసుకుని రోజూ ప్రాణం కాపాడుకుంటూ ఉంటాడు.

మౌనికకు ఆ కథ వింటే ఒళ్ళు జలదరించేది. తాయమ్మకు ఒళ్ళు మండేది. ఖాళీ ఊరు కాయడం ఎలాగో ఆమెకు తెలుసు, ఆ పోస్టుమాస్టరుకు తెలియదు.

మధ్యాహ్నం పూట జొన్నలు చెరుగుతూ, ఫోను గూట్లో పెట్టుకుని వినేది. మూడో భాగంలో అతను వెల్లుల్లి దండలు గుచ్చి తలుపులకు వేలాడదీశాడు. "తినే వస్తువును తలుపుకు కడతావా?" అంది తాయమ్మ ఫోనుతో. "గడ్డ గడ్డగా కడితే వాసనెట్ల వస్తాది? నూరల్లప్పా, నూరల్ల." ఏడో భాగంలో గడప ముందర గింజలు చల్లాడు. రక్తపిశాచికి గింజలు కనబడితే అన్నీ లెక్కపెట్టేదాకా కదలలేదట. తాయమ్మ లేచి పోయి ఒక గుప్పెడు కొర్రలు తెచ్చి వాకిట్లో చల్లి చూసింది. పక్కింటి ఈరమ్మ సుగ్గికి పోతూ ఒప్పజెప్పిన కోళ్ళు లెక్కాపత్రం లేకుండా క్షణంలో తినేశాయి. పద్నాలుగో భాగం వచ్చినా పోస్టాఫీసు వెనక కిటికీకి రెక్క విరిగే ఉంది. ఆ దినం తాయమ్మ ఆగలేక మనవరాలికి ఫోను చేసింది.

"మౌనికా, ఆయప్పకు సెప్పేకి అవుతాదా? ఆ కిటికీకి ఒగ రేకు కొట్టుకోమను. దినామూ ఆడినుంచే వస్తాండారు."

"అవ్వా, అది కత!"

"కతయితే మాత్రం కిటికీ తెరిసిపెట్టుకుంటారా? మీ తాత ఉండింటే మొదటి దినమే రేకు కొట్టి, కిటికీ ముందర బూడిద సల్లి, నన్ను ముగ్గెయ్యమని సంపుతాండె."

"ఔను అవ్వా, కొడుతుండె," అంది మౌనిక.

ఒక్క విషయంలో మాత్రం తాయమ్మ పోస్టుమాస్టరును మెచ్చుకుంది. రక్తపిశాచి ఎంత బలమైనదైనా, ఇంట్లోవాళ్ళు నోరారా రమ్మని పిలవనిదే గడప దాటలేదు. వాకిట్లోనే నిలబడి, మర్యాదగా, పిలుపు కోసం ఎదురుచూస్తుంది. ఇది వినగానే తాయమ్మ చేట కింద పెట్టింది. నరసన్న పద్దెనిమిదేళ్ళు మొత్తుకున్నది ఇదే. గోడ దూకేవాడికంటే గడప దగ్గర నవ్వుతూ నిలబడేవాడు ప్రమాదం అనేవాడు. తాయమ్మ బలహీనత కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఎవరు కనబడినా ఆమె నోరు దానంతటదే, "రాప్పా, లోపలికి రా, తిన్యావా?" అంటుంది. చీరలమ్మేవాడినీ అన్నది, చిట్టీలవాడినీ అన్నది, ఒకసారి దారి తప్పిన ఎద్దును కూడా అన్నది.

ఆ దినం నుంచి నోరు కట్టుకుంది. ఉప్పు అమ్ముకుంటూ ఆటోలో వచ్చే మనిషి ఎప్పటిలా గడపెక్కబోతే, "ఆడ్నే నిలబడు!" అంది. అతని ముఖం చిన్నబోయింది. "నేనేం తప్పు సేసినానక్కా?" అని ఆ వారమంతా కొసరు పోయలేదు.

శివరాత్రి పోయిన మూడో రోజు, మిట్టమధ్యాహ్నం, జయరాం ఇంటి మెట్టు మీద ఒకడు నిలబడి ఉన్నాడు.

తలమీదినుంచి తువ్వాలు కప్పుకున్నాడు. ఎండకు ముఖం చూపడంలేదు. నల్ల కళ్ళద్దాలు. తాయమ్మ వీధి దాటి పోయి, "ఎవురప్పా నువ్వు? ఎవురు గావల్ల?" అంది.

అతను నోరు తెరిచాడు. లోపల ఎర్రగా ఉంది. పెదవి మూల నుంచి సన్నని రక్తపు చార గడ్డం మీదికి దిగి ఎండిపోయింది.

తాయమ్మ రెండడుగులు వెనక్కు వేసింది. అతను ఏదో అనబోయి, "ఊఁ, ఊఁ" అని మూలిగి, చేతులతో మొదలుపెట్టాడు. ముందు తాళం చూపించాడు. తరువాత ఆమె నడుముకున్న తాళంచెవుల గుత్తి చూపించాడు. తరువాత తనను చూపించుకుని, రెండు చేతులూ గాల్లో ఎవరి మెడ చుట్టూనో తిప్పి మూడుసార్లు బిగించాడు.

మెడను బిగించడం తాయమ్మకు ఎంతమాత్రం నచ్చలేదు.

అతను ఫోను తీసి గబగబా ఏదో రాసి ఆమె ముందు పెట్టాడు. తాయమ్మకు చదువు రాదు. "నాకు సూపిస్తే ఏం లాభమప్పా? జయరాం పెండ్లాం ఉరుకుందమ్మకు ఫోను కొట్టు. ఇల్లు ఆమెది. ఆమె సెప్తే తెరుస్తా," అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆ ఊపడంలో భయం ఉంది.

తాయమ్మ వెనుదిరిగి తన ఇంటికి వచ్చేసింది. అతనూ వెంట వచ్చాడు. ఆమె లోపలికి పోయి తిరిగి చూస్తే, గడప అవతల ఆగిపోయి ఉన్నాడు. ఉప్పు ఆటో మనిషైతే ఈపాటికి లోపలికొచ్చి మంచినీళ్ళు ముంచుకుని తాగేవాడు. ఇతను మాత్రం మెట్టు మీద కాలు కూడా పెట్టలేదు. చేతులు కట్టుకుని, మర్యాదగా, పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు.

నిజానికి ఆమెకు పిశాచాల మీద పెద్ద నమ్మకమేమీ లేదు. అయితే నమ్మకం లేనివాళ్ళు మిట్టమధ్యాహ్నం ఖాళీ గేరిలో ఒంటరిగా నిలబడి చూడాలి. నోటి చివరిదాకా వచ్చిన "రాప్పా"ను మింగేసింది. దాని బదులు జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం ఇంత ముద్ద పెట్టి, చేయి చాపి గడప అవతలికి అందించింది.

అతను వాసన చూసి, రెండు చేతులతో నోరు మూసుకుని, గోడ దాకా వెనక్కు పోయాడు. కళ్ళలో నీళ్ళు.

"అట్ల సెప్పు," అనుకుంది తాయమ్మ. గూట్లోంచి నరసన్న గడ్డం గీసుకునే అద్దం తీసి అతని ముఖానికి ఎదురుగా పట్టింది. కథలో రక్తపిశాచి అద్దంలో కనబడదు. ఇతను నిక్షేపంగా కనబడ్డాడు. ఆమెకే కాదు, తనకు తనూ కనబడ్డాడు. ఆ వాచిన దవడ, రక్తపు గడ్డం చూసుకుని ఒక్క కేక పెట్టి అరుగు మీద కూలబడ్డాడు.

సగం పరీక్ష పాసై సగం తప్పినవాణ్ణి ఏం చేయాలో పోస్టుమాస్టరు ఎక్కడా చెప్పలేదు. తాయమ్మ చాలాసేపు ఆలోచించింది. ఏమైతేనేం, భోజనాల వేళకు వచ్చిన ప్రాణి. ఉప్పు వేయకుండా చల్లటి మజ్జిగ చెంబెడు తెచ్చి, గడప లోపలే నిలబడి అందించింది. అతను కొంచెం కొంచెంగా తాగాడు. తాగి, చెంబు మెట్టు మీద పెట్టి దణ్ణం పెట్టి, తువ్వాలు కప్పుకుని రోడ్డు వైపు నడుచుకుంటూ పోయాడు.

సాయంత్రం ఇంకా దీపం పెట్టలేదు, ఫోను మోగింది.

"తాయక్కా!" ఉరుకుందమ్మ గొంతు గుంటూరు నుంచి ఫోను లేకపోయినా వినబడేలా ఉంది. "నా అల్లుని ఎండలో నిలబెట్టి అద్దం సూపిస్తివంట!"

"ఏ అల్లుడు?"

"ఏ అల్లుడేంది? నాకేమన్న పదిమంది ఉండారా? అంజలి మొగుడు, ప్రదీపు! ఎమ్మిగనూర్ల సెల్లుల అంగడి పెట్టుకోనుండాడే, ఆ పిల్లోడు! ఆదోన్ల దవడపన్ను పీకించుకోని, నోట్లో దూది పెట్టుకోని వస్తే, ఎల్లిగడ్డ కారం నోటికి పెడితివంట! పగోళ్ళన్నా పెడతారా అట్ల?"

అంజలి పెళ్ళి మార్గశిరంలో జరిగింది. మొగుడు పోయి నిండా ఐదు నెలలు కానిది పెళ్ళికెట్లా పోతుంది? అల్లుడి ముఖం ఆమె చూడనేలేదు. మెడ చుట్టూ మూడుసార్లు బిగించినది మూడు ముళ్ళని ఇప్పుడు అర్థమైంది. గడప దగ్గర ఎందుకాగాడో కూడా. కొత్త అల్లుడు కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి రమ్మనందే గడప దాటడు మరి. ఆ మర్యాదే అతని కొంప ముంచింది.

"తెలీకపాయె ఉరుకుందూ."

"తెలీకపాయెనంట! ఉగాదికి వస్తా కద. నా తాళం నాకిచ్చెయ్యి. నేనొగదాన్నే కాదు, అందరికీ సెప్తా."

అన్నట్టే అందరికీ చెప్పింది. మిరపచేలల్లో ఉగాదిదాకా ఇదే ముచ్చట. తాయమ్మకు మతి తప్పిందని కొందరు, అల్లుడి రక్తం కళ్ళచూసిందని కొందరు. ఇక్కడ తాయమ్మ కథ వినడం మానేసింది. పోస్టుమాస్టరుకేం, ఆయన్ను చుట్టుముట్టింది రక్తపిశాచులే గానీ అల్లుళ్ళ అత్తలు కారు గదా. భారతి ఫోను చేసి, "పోనీలేమ్మా, ఈడికే వచ్చెయ్యి," అంటే, ఆ మెత్తటి మాటకే తాయమ్మకు ఎక్కువ భయం వేసింది. సంచి తీసి, మడిచి, మళ్ళీ పెట్టెలో అడుగున పెట్టేసింది.

ఉగాది ముందురోజు బొలెరోలు దిగాయి. ఒక్కొక్కరూ తాళంచెవి తీసుకుని పోయి ఇల్లంతా వెదికి చూసుకున్నారు. చెంచా కూడా పోలేదు. ఈరమ్మకైతే కోడి కింద తొమ్మిది పిల్లలు అదనంగా దొరికాయి. అయినా సాయంత్రానికి గేరి అంతా తాయమ్మ వాకిట్లో చేరింది. మొదటి ఉగాదికి వచ్చిన ప్రదీపును కూడా ఉరుకుందమ్మ వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పుడతని దవడ దిగిపోయి మనిషి చక్కగా ఉన్నాడు.

"సూడండి నాయనా," అంది ఉరుకుందమ్మ, అల్లుడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపిస్తూ. "ఈ మొగం దెయ్యం మొగం మాదిరి ఉండాదా?"

"అప్పుడు కొంచెం ఉండె," అంది తాయమ్మ నిజాయితీగా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఉరుకుందమ్మ మరింత రెచ్చిపోయింది. "అద్దో, నవ్వుతాండారు! తాళాలు పైగేరోళ్ళకు ఇయ్యాల్సిందే. మనిషినీ దెయ్యాన్నీ గుర్తుపట్టల్యానోళ్ళు కాపలా యేంటికి?"

తాయమ్మ నడుము నుంచి గుత్తి విప్పి అరుగు మీద పెట్టింది. తిరిగిచ్చిన తాళంచెవులు పోగా ఇక ఖాళీ తాడే మిగిలింది. "మీ ఇష్టం. నేను ఆ పిల్లోన్ని ఒగటే అడిగితి. ఉరుకుందమ్మకు ఫోను కొట్టప్పా, ఆమె సెప్తే తెరుస్తా అంటి. వద్దని తల ఊపినాడు. అంతకన్నా నాకేం తెలీదు."

ఇంతసేపూ స్తంభానికి ఆనుకుని ఊరకున్న జయరాం ఈ మాటకు తల ఎత్తాడు.

"యేంటికి వద్దంటివప్పా?"

"నోట్లో దూది ఉండె కద మామా. మాట్లాడేకి కాకపాయె."

"నువ్వు మాట్లాడేది యాడుండాది? ఫోను కలిపి ఈయక్కకు ఇస్తే ఈమే మాట్లాడుతాండె కద?"

ప్రదీప్ అత్త వైపు చూశాడు. అత్త మామ వైపు చూసింది. మామ రెప్ప వేయకుండా అల్లుణ్ణే చూస్తున్నాడు.

"అద్సరే. మేం లేనప్పుడు ఇంట్లో నీకేం పని ఉండె?"

ప్రదీప్ నేల చూస్తూ, "మంత్రాలయం పోదామన్యారు మామా... నా స్నేయితులు... అందరికీ బండ్లుండాయి..." అన్నాడు.

ఆ తరువాత జరిగింది గేరి జనం చాలాకాలం చెప్పుకున్నారు. జయరాం తన ఇంట్లోకి పరుగెత్తాడు. పట్టా తీసిన చప్పుడు, దుప్పటి తీసిన చప్పుడు, తరువాత ఒక పెద్ద నిట్టూర్పు వినబడ్డాయి. తిరిగి వచ్చి అల్లుడి ముందు నిలబడి, "లైసెన్సు ఉండాదా నీకు?" అన్నాడు.

"ఎల్లెల్లార్ ఉండాది మామా."

"ఎల్లెల్లార్! నేర్సుకునేవాళ్ళ కాగితం!" జయరాం తల పట్టుకున్నాడు. తరువాత వంగి, అరుగు మీది తాడు తీసి తన తాళంచెవి దానికి తనే గుచ్చి, తాయమ్మ చేతిలో పెట్టాడు. "అక్కా, ఈసారి ఉగాది అయినాంక మళ్ళా పోతాం, ఇంగో నెల పనుండాది. ఇది నీ దగ్గరే ఉండనీ. ఇంటికి కాదు, బండికి."

ఈరమ్మ నవ్వుతూ తనదీ ఇచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. అల్లుణ్ణే దాటనివ్వనిది ఇంకెవరిని దాటనిస్తుందన్న ఆలోచన ఒకరి తరువాత ఒకరికి వచ్చినట్టుంది. ఉరుకుందమ్మ మాత్రం తగ్గలేదు. "అయితే మాత్రం! కొత్తల్లుడు వాకిట్లోకి వస్తే నోటికి ఏం పెట్టల్యా కద?"

"మజ్జిగ పోసింది అత్తా," అన్నాడు ప్రదీప్. "ఆ దినం నా కడుపులోకి పోయింది అదొగటే."

ఉరుకుందమ్మ అల్లుణ్ణి కొరకొరా చూసి తన ఇంట్లోకి పోయింది.

తాయమ్మ అంతటితో ఒప్పుకోలేదు. "తాళాలు కాస్తా. అయితే నాకు ఒగటి కావల్ల," అంది. "ఎవురెవురి ఇంటికి అల్లుళ్ళుండారో, వాళ్ళ ఫోటోలు నాకియ్యండి. దినామూ సూసి గుర్తుపెట్టుకుంటా."

మరుసటి జనవరిలో బొలెరోలు కదిలేటప్పటికి తాయమ్మ గోడకు పదకొండుమంది అల్లుళ్ళు వచ్చారు. పెళ్ళి ఫోటోల్లోంచి కత్తిరించినవి కొన్ని, ఆధార్ కార్డు నుంచి పెద్దది చేయించినవి కొన్ని. ప్రదీప్ ఫోటో ఉరుకుందమ్మే తెచ్చింది, పూలదండతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నది. వాటన్నిటినీ తాయమ్మ నరసన్న ఫోటో పక్కన మేకులు కొట్టి వరసగా పెట్టింది. గోడ మీద జాగా అక్కడే ఉంది.

ఆ నెలలోనే బీపీ చూడటానికి వచ్చిన నర్సు కృప, పట్టీ చుడుతూ చుడుతూ గోడ చూసి ఆగిపోయింది. ఊరికి కొత్త. దండ వేసిన ముసలాయన, పక్కనే దండలతో వరసగా పడుచువాళ్ళు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"అయ్యో పెద్దమ్మా... అందరూ ఒకేసారేనా? ఏ బస్సు?"

తాయమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెడితే బీపీ మిషను ముల్లు ఎటుపోయిందో తెలియలేదు. "ల్యా తల్లీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆ పెద్దాయన ఒగడే పోయిండేది. వీళ్ళు పోయినారని కాదు, వస్తారేమో అని పెట్టుకున్న్యా."

నర్సు వెళ్ళిపోయాక తాయమ్మ స్టూలెక్కి నరసన్న ఫోటో తీసి, పైటచెంగుతో తుడిచి, ఎదురుగోడకు తగిలించింది. అక్కడినుంచైతే అల్లుళ్ళ ముఖాలన్నీ ఆయనకూ కనబడతాయి.